కూర్చోబెట్టి తీసిన ఫిల్మ్

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, నన్ను నెక్కొండ వైపు ఒక చిన్న ఆసుపత్రి నుంచి వరంగల్‌లోని ఒక పెద్ద సర్కారు దవాఖానకు బదిలీ చేశారు. హోదా సీనియర్ రేడియోగ్రాఫర్. ఇల్లు మాత్రం నెక్కొండలోనే ఉంచుకున్నాను. పొద్దున ప్యాసింజర్ రైలెక్కి డ్యూటీకి రావడం, రెండింటికి డ్యూటీ దిగి సాయంత్రం బండికి తిరిగి వెళ్లడం.

రేడియోగ్రాఫర్ అంటే ఎక్స్‌రే తీసే మనిషి. చూసి చెప్పే మనిషి కాదు. చూసి చెప్పేది రేడియాలజిస్టు, అంటే డాక్టరు. ఈ తేడా బయటివాళ్లకు తెలియదు. కిటికీ దగ్గర నిలబడ్డ ప్రతివాళ్లూ నన్ను ‘ఎక్స్‌రే డాక్టరమ్మా’ అనేవాళ్లు. మొదట్లో సరిదిద్దేదాన్ని. తర్వాత మానేశాను. అబద్ధమెందుకు, వినడానికి బాగానే ఉండేది. కానీ ఫిల్మ్ మీద ఏముందో రోగికి చెప్పే అధికారం మాకు లేదు. ఎముక రెండు ముక్కలై ఎదురుగా కనబడుతున్నా ‘డాక్టర్ సారు చెప్తడు’ అనే అనాలి. ముప్పై నాలుగేళ్లు అదే మాట అన్నాను.

నా కింద ఇద్దరు రేడియోగ్రాఫర్లు, ఒక డార్క్‌రూమ్ అసిస్టెంటు ఉండేవాళ్లు. ఆ అసిస్టెంటు పేరు కొమురయ్య. ఫిల్మ్‌ను మందునీళ్లలో కడిగే చీకటిగది కంప్యూటర్లు రాగానే పోయింది గాని, కొమురయ్య ఉద్యోగం పోలేదు. చీకటిగది లేని డార్క్‌రూమ్ అసిస్టెంటుగా వరస నిలబెట్టడం, బల్ల మీదికి ఎక్కించడం, దించడం ఆయన పని. ఆ పనిలో ఆయనంత ఓపిక నాకు లేదు.

వీపు ఎక్స్‌రే ఎలా తీస్తామో చెప్పాలి, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. డాక్టరు ఓపీ చీటీ మీద ‘ఏపీ అండ్ లాటరల్’ అని రాసి పంపుతాడు. అంటే ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. రెంటికీ మనిషిని బల్ల మీద పడుకోబెడతాం. పడుకున్న మనిషి కదలడు, పొట్ట చదునవుతుంది, కిరణాల మోతాదు తక్కువ సరిపోతుంది, బొమ్మ స్పష్టంగా వస్తుంది. పక్క ఫిల్మ్‌కు మనిషిని పక్కకు తిప్పి, మోకాళ్లు మడిపించి, నడుము కింద చిన్న మెత్త పెడతాం. ఆ మెత్త సరిగ్గా పెడితే వెన్ను బల్లకు సమానంగా ఉండి, పూసకూ పూసకూ మధ్య సందు తలుపు తీసినట్టు కనబడుతుంది. మెత్త పెట్టడంలో నాకు పేరుండేది. కొత్తగా చేరిన పిల్లలకు నా ఫిల్ములు చూపించి నేర్పేవాళ్లు. ఆ గర్వం నాకు ఉండేదని ఒప్పుకుంటున్నాను.

చేరిన రెండో వారంలోనో మూడో వారంలోనో వీరలక్ష్మి అనే ఆమె చీటీ పట్టుకుని వచ్చింది. అరవై దాటిన మనిషి. వరంగల్‌లోనే కాశిబుగ్గ వాడ. జంపఖానాలు నేసే ఇల్లు. నడుము పైభాగంలో నొప్పి. పడలేదు, దెబ్బ తగలలేదు. పడుకోబెట్టాను, మెత్త పెట్టాను, ఊపిరి బిగబట్టమన్నాను. అద్దంలా వచ్చింది ఫిల్మ్. రేడియాలజిస్టు రిపోర్టు రాశాడు: పూసల మధ్య డిస్కులు అరిగాయి, పూసల అంచుల్లో ఎముక ముళ్లు పెరిగాయి, వయసుతో వచ్చే మార్పులే, ఎముక విరగలేదు. ఇలాంటి రిపోర్టులు రోజుకు ఎన్నో పోతాయి. నొప్పి మాత్రలు, కాల్షియం మాత్రలు రాసి పంపేశారు. నేనామెను మరిచిపోయాను.

మూడు వారాల తర్వాత ఒక సోమవారం కిటికీ దగ్గర గొడవ. సోమవారాలు మామూలుగానే సంతలా ఉంటాయి, ఆ రోజు ఇంకా ఎక్కువ. యాభై అయిదేళ్లావిడ ఒకామె కొమురయ్యను పక్కకు నెట్టేసి చెయ్యి లోపలికి పెట్టింది. చేతిలో మేం ఇచ్చిన పాత రిపోర్టు. ఆమె వెనక గోడకు ఆనుకుని వీరలక్ష్మి నిలబడి ఉంది. ముందున్నామె పేరు సుగుణ, వీరలక్ష్మికి యారాలు, అంటే తోటికోడలు. మరిది భార్య.

“మీరేమో ఏం లేదని రాసిన్రు. మా అక్కేమో నొస్తాంది అంటాంది. ఇద్దర్ల ఎవలో ఒకలు అబద్ధమాడాలె గద మేడం?” అంది సుగుణ.

ఆమెకు కావలసింది ఇంకో ఎక్స్‌రే కాదు. ‘ఈమెకు ఏ జబ్బూ లేదు’ అని దవాఖాన ముద్రతో ఒక కాయితం. వచ్చే ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లు కూర్చుంటున్నారట. వీళ్లిద్దరూ ముప్పై ఏళ్లుగా ఒకే గుంట మగ్గం మీద పక్కపక్కన కూర్చుని వెడల్పు జంపఖానాలు నేస్తున్నారు. పెళ్లిళ్లకు, మీటింగులకు పరిచే పెద్దవి. అది ఇద్దరు చేస్తేనే అయ్యే పని. ఎడమన ఒకరు, కుడిన ఒకరు. ఒకరు లేస్తే రెండోవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోవాలి. మూడు వారాల నుంచి సగం నేసిన జంపఖానా మగ్గం మీదే ఉందట. కాయితం దొరికితే వీరలక్ష్మి స్థానంలో ఇంకొకరిని కూర్చోబెట్టేస్తారు. పనికి ఎగ్గొట్టే మనిషి అని వాడలో పేరు పడిపోతుంది. అప్పటికే సగం పడిందని ఆమె నిలబడ్డ తీరులోనే తెలుస్తోంది.

“రేషన్ దుకాణంల గంటసేపు నిలబడ్తది మేడం. మొన్న బజారంత తిరిగొచ్చింది. ఇంట్ల అటు ఇటు మంచిగనే నడుస్తది. మగ్గంల కూసోమంటెనే నొప్పి లేస్తది. గదేం నొప్పి?”

ఆమె కోపంతో అడిగింది. చుట్టూ నిలబడ్డవాళ్లు నవ్వారు. నిజం చెప్పాలంటే నాకూ మనసులో నవ్వొచ్చింది. దవాఖానలో ఇన్నేళ్లు పనిచేసిన మనిషికి, పనివేళకు మాత్రమే వచ్చే నొప్పులు చాలా తెలుసు. మా స్టాఫులోనే ఉన్నాయి. కాయితం ఇచ్చే అధికారం నాకు లేదని చెప్పి, ఎముకల ఓపీకి వెళ్లమని పంపేద్దామనుకున్నాను.

కాని ‘గదేం నొప్పి’ అన్న ప్రశ్న నన్ను పట్టుకుంది. తిట్టులా అన్నా అది మంచి ప్రశ్న. నటించే మనిషి ఇంత తెలివితక్కువగా నటిస్తుందా? నిలబడితే కూడా అబ్బా అనాలి కదా. పదిమంది చూసే రేషన్ దుకాణం దగ్గర గంటసేపు హాయిగా నిలబడి, ఇంట్లో మగ్గం దగ్గర మాత్రం మూలుగుతుందా? నాకు కొట్లాట తీర్చాలని లేదు గాని, ప్రశ్నను అలా వదిలేస్తే అన్నం సహించదు. కొమురయ్యకు వరస అప్పజెప్పి వీరలక్ష్మిని లోపలికి పిలిచాను. సుగుణ పిలవకుండానే వచ్చింది.

ఎప్పుడెప్పుడు నొస్తుందని అడిగాను. వీరలక్ష్మి మెల్లగా, లెక్కగా చెప్పింది.

“పండుకుంటె ఏం లేదు మేడం. నిలబడితె జర గుంజుతది, గంతె. కుర్చీల ఎనుకకు ఆనుకోని కూసుంటె గూడ ఫికర్ లేదు. మగ్గంల కూసోని, ముంగటికి వంగి దారం సుగుణకు అందియ్యంగనే పానం పోయినట్టయితది. బాసండ్లు తోమంగ గూడ అంతే.”

అంటే పని కాదు, వంగడం. సుగుణ ‘బాసండ్లు తోమంగ’ అన్న మాట విని నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. గిన్నెలు తోమేటప్పుడు కూడా నొస్తుందని ఆమెకు తెలియదని నాకు అర్థమైంది.

కంప్యూటర్‌లో మూడు వారాల నాటి నా ఫిల్మ్ తెరిచాను. నా గొప్ప ఫిల్మ్. నడుము మొదటి పూస, అంటే పక్కటెముకలు అయిపోగానే వచ్చే పూస, దాని ముందువైపు పై అంచు కొంచెం ఒత్తుకున్నట్టుంది. ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. దాని పైన, కింద డిస్కులు బాగా పలచబడ్డాయి. చూసి చెప్పడం నా పని కాదని ముందే రాశాను. కానీ ముప్పై నాలుగేళ్లు చూసిన కళ్లను మూసుకోమంటే మూసుకోవు కదా.

ఎముకల విభాగంలో అప్పుడు శ్రీధర్ గారని అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉండేవారు. వయసులో నాకంటే చాలా చిన్న. రేడియోగ్రాఫర్ వచ్చి సందేహం చెబితే విసుక్కోని డాక్టర్లలో ఒకరు, అలాంటివాళ్లు ఎక్కువమంది ఉండరు. ఓపీ అయ్యాక వెళ్లి సంగతంతా చెప్పాను. వీరలక్ష్మి ప్లాస్టిక్ కవరులో దాచుకున్న ఇంకో కాయితం కూడా చూపించాను. అంతకుముందు ఎక్కడో క్యాంపులో ఎముకల గట్టిదనం కొలిచే స్కాన్ తీశారట. వయసుకు తగ్గట్టే ఉంది, ఫరవాలేదు అని దాని సారాంశం. విరగలేదని ఎక్స్‌రే, గట్టిగానే ఉందని స్కాన్. సుగుణ పక్షాన ఇద్దరు సాక్షులన్నమాట.

ఆయన బల్ల మీదున్న ప్లాస్టిక్ వెన్నెముక బొమ్మ తీసుకుని వివరించారు. ఇంత కాలం ఆ బొమ్మలో ఉన్నవాటిని రోజూ ఫిల్ముల్లో చూశాను గాని, అవి బరువును ఎలా పంచుకుంటాయో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పూసకు ముందువైపు దిమ్మలాంటి భాగం ఉంటుంది. వెనకవైపు చిన్న చిన్న కీళ్లు, కొక్కేల్లాంటి ఎముకలు ఉంటాయి. దిమ్మకూ దిమ్మకూ మధ్య డిస్కు. వయసులో ఉన్నప్పుడు డిస్కు నీళ్లతో నిండి బిగువుగా ఉంటుంది. పైనుంచి వచ్చిన బరువును దిమ్మ అంతటా సమానంగా పరుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ డిస్కు ఎండుతుంది, పలచబడుతుంది, కుంగుతుంది. డిస్కు కుంగితే పూసలు దగ్గరవుతాయి. అప్పుడు వెనకవైపు కీళ్లు ఒకదానిమీద ఒకటి ఆనుకుని, నిలబడ్డప్పుడు బరువు మోయడం మొదలుపెడతాయి. ముందువైపు దిమ్మకు పని తగ్గిపోతుంది.

“తగ్గితే మంచిదే కదా సార్” అన్నాను.

అక్కడే ఉందట తిరకాసు. ఎముకకు బరువు పడితేనే బలం. బరువు పడని చోట ఎముక తనను తాను పలచబరుచుకుంటుంది. ఇద్దరు మనుషులు రోజూ ఒక బస్తాను చెరో వైపు పట్టుకుని మోస్తున్నారనుకోండి. వెనకవాడే ఏళ్ల తరబడి బరువంతా మోస్తూ పోతే, ముందువాడు ఊరికే చెయ్యి ఆనించి నడుస్తాడు. వాడి రెక్కల్లో బలం పోతుంది. ఎవరికీ తెలియదు, వాడికీ తెలియదు. ఒకరోజు దారి పల్లానికి దిగింది. బస్తా బరువంతా ముందువాడి మీదికి వచ్చి పడుతుంది. ముందుకు వంగడమంటే ఆ పల్లమే. వంగగానే వెనక కీళ్లు విడిపోతాయి, ఇక అవి ఏమీ మోయవు. మొత్తం బరువు దిమ్మ ముందు అంచు మీదికి పోతుంది. అన్నిటికంటే బలహీనమైన చోటు మీద అన్నిటికంటే పెద్ద బరువు. పడనక్కర్లేదు, జారనక్కర్లేదు. వంగితే చాలు, పూస ముందువైపు నలుగుతుంది.

మరి స్కాన్ గట్టిగా ఉందని ఎందుకు చెప్పింది అని అడిగాను. ఆ యంత్రం మనిషిని పడుకోబెట్టి ఒక వైపు నుంచి కిరణాలు పంపి, దారిలో అడ్డొచ్చిన ఎముకనంతా కలిపి లెక్కేస్తుంది. గట్టిపడ్డ వెనక భాగం, అంచుల్లో పెరిగిన ముళ్లు, పలచబడ్డ ముందు భాగం, అన్నీ ఒకే లెక్క. వెనక ఉన్న గట్టిదనం ముందున్న బలహీనతను కప్పేస్తుంది. అరిగిన వెన్నుకే స్కాన్‌లో మంచి మార్కులు వస్తాయన్నమాట. నాకు నవ్వొచ్చింది. కాపీ కొట్టి పాసైన పిల్లవాడిలా ఉంది యవ్వారం.

ఇదంతా నిజమైతే, నేను ఆమెను పడుకోబెట్టి చేసిందేమిటి? బరువు తీసేశాను. నలిగిన పూస మీద బరువు తీస్తే, కొన్నిసార్లు అది మళ్లీ తెరుచుకుని ఇంచుమించు మామూలు ఆకారానికి వస్తుందట. దానికి తోడు నా మెత్త ఒకటి. శ్రీధర్ గారు నిలబెట్టి ఒక లాటరల్ తీయమన్నారు. నిలబడితే ఆమెకు పెద్దగా నొప్పి లేదు సార్, మగ్గంలో కూర్చున్నట్టు కూర్చోబెట్టి తీద్దామన్నాను. ఆయన మగ్గంలో ఎలా కూర్చుంటారని అడిగారు. నాకూ తెలియదు. వరంగల్ జంపఖానాల మీద ఎన్ని సభల్లో కూర్చున్నానో లెక్కలేదు గాని, అవి నేసేవాళ్లు ఎలా కూర్చుంటారో ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు డ్యూటీ దిగి ఆటోలో కాశిబుగ్గ వెళ్లాను. ఓపీ చీటీ మీద చిరునామా ఉంది. సుగుణ నన్ను చూసి కాయితం తెచ్చాననుకుంది. కాదు, మగ్గం చూడ్డానికి వచ్చానంటే ఆమె ముఖం చూడాలి.

“మీరు గూడ నేస్తరా మేడం?” అంది వెటకారంగా.

నేయను గాని కూర్చుంటాను అన్నాను. గుంట మగ్గమంటే నేలలో గుంట తవ్వి, దాని అంచున పీట మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి తొక్కుతూ నేసే మగ్గం. పొట్టకు ఎదురుగా, నేసిన బట్ట చుట్టుకునే దూలం ఉంటుంది. పడుగు దారాలు ముందుకు బారుగా సాగి ఉంటాయి. నేను చీర ఎగ్గట్టి వీరలక్ష్మి చోట కూర్చున్నాను. వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు. సుగుణ తన చోట కూర్చుంది. వీరలక్ష్మి పక్కన నిలబడి, దారం ఎలా అందించాలో చెప్పింది. దూలం మీదుగా వంగి, కుడిచెయ్యి బారెడు చాపి, పేక దారం సుగుణ చేతికి అందేదాకా వెళ్లాలి. ఆమె అందుకున్నాక బరువైన చట్రాన్ని ఇద్దరూ కలిసి లాగి దారాన్ని దగ్గరికి కొట్టాలి. మళ్లీ వంగాలి. పది సార్లు చేసేసరికి నా నడుము నాకే గుర్తుకొచ్చింది. ఆమె రోజంతా ఎన్ని సార్లు వంగుతుందో ఎవరూ లెక్కపెట్టలేదు. నేను టేపుతో పీట ఎత్తు, దూలం ఎత్తు, చెయ్యి చాపే దూరం కొలిచి ఓపీ చీటీ వెనక రాసుకున్నాను. ఇంట్లోవాళ్లు గుమ్మం దగ్గర గుమిగూడి, దవాఖాన మేడంకు మతి ఉందా పోయిందా అన్నట్టు చూస్తున్నారు. సుగుణ మాత్రం నవ్వలేదు. ఎందుకు కొలుస్తున్నారని అడిగింది. ఆదివారానికి ముందే నీ ప్రశ్నకు జవాబు తెస్తానని చెప్పాను. తొందరపడి అన్నాను. నా దగ్గర అప్పటికి అనుమానం తప్ప ఏమీ లేదు.

గురువారం తీశాం. శ్రీధర్ గారు కొత్త చీటీ మీద ‘కూర్చుని ముందుకు వంగిన లాటరల్, పడుకున్న లాటరల్’ అని రాసి సంతకం పెట్టారు. ఆ సంతకం లేకుండా నేను మీట నొక్కకూడదు, కిరణాలతో ఆడుకోవడానికి లేదు. రెండో ఫిల్మ్ ఎందుకని రేడియాలజిస్టు అడిగారు, పాతది ఉంది కదా అని. పాతదానికీ దీనికీ మూడు వారాల తేడా ఉంది. పూస కుంగినట్టు కనబడితే, ఈ మూడు వారాల్లో కుంగిందని ఎవరైనా అనొచ్చు. ఒకే రోజు, పది నిమిషాల తేడాతో రెండూ ఉంటే ఆ మాట అనలేరు. ఈ వాదన నాదే. ఆయన ఒప్పుకున్నారు.

ఛాతీ ఎక్స్‌రేలకు వాడే నిలువు స్టాండు పక్కన, బల్ల ఎక్కడానికి వాడే రెండు మెట్ల చెక్క స్టూలు వేశాం. కొమురయ్య రెండు సెలైన్ స్టాండ్ల మధ్య ఒక వెదురు కర్ర అడ్డంగా కట్టాడు. అది దూలం. కొలత చూసి రెండు సార్లు విప్పించి కట్టించాను. శ్రీధర్ గారు ముందుగా ఆమె కాళ్ల బలం, స్పర్శ పరీక్షించి, నరాలకు ఇబ్బంది లేదని చూసుకుని, సీసపు ఏప్రాన్ వేసుకుని గదిలోనే నిలబడ్డారు. నొప్పి ఎక్కువైతే వెంటనే ఆపేయాలని మాట.

వీరలక్ష్మి స్టూలు మీద కూర్చుంది. కర్రను చూసి చిన్నగా నవ్వింది. రోజూ దారం అందించేంత దూరమే వంగమన్నాను. వంగింది. ఊపిరి బిగబట్టమని నేను చెప్పే అవసరం రాలేదు, నొప్పికి ఊపిరి తనంతట తానే ఆగింది. మీట నొక్కాను. కొమురయ్య పరుగెత్తి ఆమెను వెనక్కి పట్టుకున్నాడు.

తెర మీద బొమ్మ రావడానికి కొన్ని క్షణాలు పడుతుంది. నడుము మొదటి పూస ముందు అంచు ఎత్తు, వెనక అంచు ఎత్తులో సగం కూడా లేదు. చెక్కముక్కను ఒక వైపు చెక్కి, సందులో కొట్టే చీల చేసినట్టుంది. ఇంకెవరూ సందేహపడే పని లేదు. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి, అదే మెత్త పెట్టి, రెండోది తీశాను. పూస మళ్లీ తెరుచుకుంది. దాని లోపల ఒక సన్నని నల్లటి గీత, ఖాళీ చీలిక. మూడు వారాల క్రితం నేను గర్వపడ్డ ఫిల్మ్‌కూ దీనికీ చాలా కొద్ది తేడా. పక్కపక్కన పెట్టి చూస్తుంటే, అంత కుతూహలంలోనూ సిగ్గేసింది. ఆ మొదటి రోజే ఎప్పుడు నొస్తుందని ఒక్క మాట అడిగుంటే, ఇన్ని రోజులు ఆమె మాట పడేది కాదు.

డాక్టరు చెప్పాల్సింది డాక్టరు చెప్పారు. విరిగింది, పడుకుంటే తెరుచుకుంటుంది, వంగితే నలుగుతుంది, ఇది నటించడానికి కుదరనిది అని ఇద్దరికీ రెండు ఫిల్ములూ చూపించారు. అందులో నేను చెప్పాల్సింది ఒకటుంది. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

“అక్కా, మొదటిపారి నిన్ను పండబెట్టి తీసిన. అందుకే కనవడలే. తప్పు నాదే” అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది.

“పండుకుంటె నొయ్యదని మీకు ఎరుకయ్యే పండబెట్టిన్రు అనుకున్న మేడం” అంది.

నేను చేసిన పొరపాటును ఆమె ఇన్నాళ్లూ దయ అనుకుంది.

సుగుణ అప్పటిదాకా తెర దగ్గరే నిలబడి ఉంది. ఫిల్మ్ ప్రింటు తీసి వీరలక్ష్మికి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“నాకియ్యున్రి మేడం. నాటకాలాడుతాందని ఇంటింటికి తిరిగి చెప్పింది నేనే. ఇది గూడ ఇంటింటికి నేనే సూపెట్టాలె.”

ఆటో దగ్గరికి వెళ్లేటప్పుడు, ఫిల్మ్ కవరు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చెయ్యి అక్క నడుము వెనక ఆనించి నడిచింది సుగుణ. ఆదివారం కూర్చున్నారో లేదో నాకు తెలియదు. కూర్చుంటే ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

మిగిలింది వైద్యం. ఎంఆర్‌ఐ తీశారు, నడుము వంగకుండా గట్టి పట్టీలాంటి బ్రేసు వేశారు, ఎముక మందులు మొదలుపెట్టారు. మూడు నెలలైనా ఆ చీలిక అతుక్కోకపోతే, సూది ద్వారా పూసలోకి ఎముక సిమెంటు నింపారు. నొప్పి చాలావరకు పోయింది. గుంట మగ్గం మాత్రం ఇక వద్దన్నారు, పక్క పూసలు కూడా అదే దారిలో ఉన్నాయి కనుక. చివరిసారి చెకప్‌కు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసే వచ్చారు. వెడల్పు జంపఖానాలు మానేసి, ఒక్కరే నేసేంత చిన్నవి సుగుణ నేస్తోందట. వీరలక్ష్మి ఎత్తు బల్ల దగ్గర నిటారుగా కూర్చుని దారం కండెలు చుడుతోంది. ఆ చోట్లో ఇంకెవరినీ కూర్చోబెట్టలేదా అని అడిగాను. సుగుణ “ఎందుకు కూసోబెడ్తం?” అని నా మీదే కోప్పడింది.

మిగిలిన ఆ కొద్ది కాలం నేను పద్ధతిలో రెండు మార్పులు చేసుకున్నాను. వెన్ను ఫిల్మ్ ప్రతిదాని మీదా మనిషి ఏ భంగిమలో ఉండగా తీశామో రాయించాను. నడుము నొప్పితో వచ్చిన పెద్ద వయసువాళ్లను బల్ల ఎక్కించే ముందు, ఎక్కడ నొప్పి అనే కాక ఎలా ఉంటే నొప్పి ఉండదు అని కూడా అడిగి, ఆ జవాబు చీటీ మీద రాసి డాక్టరుకు పంపాను. కొందరు డాక్టర్లు విసుక్కున్నారు. కొందరు చదివారు.

అరిగిన వెన్ను గురించి నేను నేర్చుకున్నది శ్రీధర్ గారు చెప్పినంతే, అంతకంటే ఎక్కువ చెప్పే చదువు నాకు లేదు. నా వృత్తి గురించి నేర్చుకున్నది వేరు. మనిషి చెప్పే మాటకూ మనం తీసిన ఫిల్మ్‌కూ పొసగకపోతే, ముందు అనుమానించాల్సింది ఫిల్మ్‌ను. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో అలాంటప్పుడు నేను ప్రతిసారీ మనిషినే అనుమానించాను. వాళ్లలో ఎంతమంది నిజం చెప్పారో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.